బస్తర్ చూరు కింద కుందేటి కొమ్ములు

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో అంతకు రెట్టింపు దాటుతుంది. కుందేటి కొమ్ములను బస్తర్ ఇంట్లో పెంచాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సిన లెక్క ఇదే. రాయలసీమ, పాలమూరు గుట్టల్లో రాళ్ల సందున పుట్టి పెరిగే ఈ మొక్కను ఎండ చంపలేదు, తడి చంపుతుంది. రోహిణి కార్తెలో దానికి గొడుగు పట్టి, మృగశిర రాగానే వానలో వదిలేస్తే పని తిరగబడినట్టే.

మొక్కను ఒకసారి పోల్చుకుందాం. ఆకులు ఉండీ లేనట్టే. నాలుగు పలకల ఆకుపచ్చ కాడలు వేలెడంత మందాన నిలువుగా లేస్తాయి. చూసినవాళ్లు జెముడు జాతి అనుకుంటారు గానీ ఇది జిల్లేడుకు చుట్టం. కొన తుంచితే తెలిసిపోతుంది: జెముడుకు పాలు కారతాయి, దీనికి నీళ్లలాంటి రసం. జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఈ పరీక్షకు ముఖం దూరంగా పెట్టుకోండి. సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ 1795 నాటి తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఈ జాతి మొక్కను బొమ్మతో సహా వర్ణించాడు. వృక్షశాస్త్రంలో దీని పేరు కారల్లుమా. మన ఊళ్లలో పచ్చడి చేసుకుంటారు, కాపరులు పచ్చిదే నమిలేస్తారు. ఆకలి చంపుతుందన్న పేరుతో మాత్రల కంపెనీలు వెంటపడ్డాక గుట్టల మీది మొక్కకు కష్టకాలం వచ్చింది. కాబట్టి వేళ్లతో పెకలించి తేవద్దు. పెంచుతున్నవాళ్లను ఒక కాడ అడగండి, చాలు.

కాడను ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో తీసుకోవాలి. అప్పుడైతే వానల లోపు వేరు పట్టడానికి మూడు నెలలు చేతిలో ఉంటాయి. మధ్యకు కోయకుండా, తల్లి కాడతో కలిసే సన్నటి కణుపు దగ్గర శుభ్రమైన బ్లేడుతో తెంపండి. గాయం చిన్నదవుతుంది. ఆ కాడను కాగితం మీద నీడలో వారం పాటు వదిలేయాలి. వాడి ముడతలు పడితే కంగారు పడక్కర్లేదు. కోత మీద గట్టి పక్కు కట్టకుండా మట్టిలో పెడితే మాత్రం కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

కుండ విషయంలో బస్తర్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. నగర్‌నార్, కొండగావ్ కుమ్మరుల కాల్చిన మట్టిపని దేశమంతా పేరున్నది. వాళ్ల ఏనుగు బొమ్మలు డ్రాయింగ్ రూములకు పోతే పోనివ్వండి, మనకు కావాల్సింది రంగూ పూతా లేని, వెడల్పు ఎక్కువ లోతు తక్కువ ఉన్న మామూలు మట్టిపాత్ర. దాని గోడల గుండా తడి ఆవిరై పోతుంది. ప్లాస్టిక్ కుండీకి ఆ సాయం చేతకాదు, ఈ ఊరి గాలికి అది పనికిరాదు. అడుగున చిల్లు లేకపోతే పాత్రను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బోర్లించి, మేకుతో మెల్లగా తొలవండి. నానిన మట్టి తొందరగా పగలదు.

మట్టి కలపడంలోనే సగం పని ఉంది. బస్తర్‌లో ఎర్ర మొరానికి కొదవ లేదు. దాన్ని జల్లెడ పట్టి, పొడి పారేసి, శనగగింజంత రాళ్లు మాత్రమే ఉంచుకోవాలి. పొడి కూడా వేస్తే నాలుగు తడుల్లో గచ్చులా గట్టిపడుతుంది. ఆ రాళ్లు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, పెరటి మట్టీ బాగా మాగిన ఆకు ఎరువూ కలిపి ఒక పాలు. పచ్చి పేడ జోలికి పోవద్దు. పాత్ర నింపి చెంబెడు నీళ్లు పోసి చూడండి. పోసినవి పోసినట్టే కిందికి దిగిపోవాలి. పైన మడుగు కట్టిందంటే ఇంకా రాళ్లు కలపాలి.

ఆ తడి ఆరాక కాడను నాటాలి. నాటాలి అంటున్నాను గానీ నిజానికి పడుకోబెట్టినా సరిపోతుంది. మట్టికి ఆనిన చోటల్లా వేళ్లు వేసే గుణం దీనిది. నిలబెట్టాలనిపిస్తే అంగుళం లోపు పాతి, రెండు గులకరాళ్లు ఆసరా పెట్టండి. మొదటి వారం నీళ్లు వద్దు.

అడవిలో ఇది ముళ్లపొద నీడలో దాక్కుంటుంది కదా, ఇంట్లోనూ అదే వెలుగు కావాలి: పొద్దుటి ఎండ నేరుగా, మధ్యాహ్నపుది చెట్టు చాటునో జాలీ చాటునో. కాడ ఎర్రబారితే ఎండ ఎక్కువైందని, పాలిపోయి సన్నగా సాగితే చీకటి ఎక్కువైందని అర్థం.

వేసవిలో వారానికో, పది రోజులకో ఒక తడి చాలు. అసలు చిక్కు వానాకాలంలో. సొంత గుట్ట మీద దీనికి అదే ఎదిగే కాలం కాబట్టి నీళ్లు పూర్తిగా మానకూడదు. కానీ ఇక్కడి గాలిలోనే తేమ నిండి ఉంటుంది, మట్టి ఆరదు. అందుకే తొలకరికి ముందే కుండను చూరు కిందికి, గాలి ఆడే వసారాలోకి చేర్చండి. ఎప్పటిదాకా అంటారా? ఇక్కడ క్యాలెండర్ చూడక్కర్లేదు. హరేలీ అమావాస్య నాడు, అంటే మన పంచాంగంలో ఆషాఢ అమావాస్య, పాట్ జాత్ర అనే పూజతో మొదలయ్యే బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది. ఆ రథాల సందడి ముగిసేదాకా అది చూరు దాటకూడదు. ఈలోగా వెదురు పుల్ల ఒకటి అడుగుదాకా గుచ్చి తీసి చూస్తుండండి. పుల్ల పొడిగా వస్తేనే నీళ్లు. చలికాలం రాత్రులు ఇక్కడ గట్టిగానే చలేస్తుంది, అప్పుడు నెలకు ఒక్క తడి కూడా ఎక్కువే.

మొదలు నల్లబడి మెత్తబడితే ఆలోచిస్తూ కూర్చోవద్దు. పైన పచ్చగా ఉన్న చోట కోసి, కోత ముఖంలో గోధుమరంగు చుక్కలు కనబడకుండా పోయేదాకా పైకి కోస్తూ పోండి. శుభ్రమైన ముక్క మిగిలితే మళ్లీ ఆరబెట్టడం, మళ్లీ నాటడం. కణుపుల్లో తెల్లటి పిండినల్లి చేరితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి.

పూత మొదలయ్యాక కుండను భోజనాల గదికి దూరంగా జరపండి. కొన మీద బంతిలా గుత్తిగా పూసే రకానికి ముదురు ఊదా, పసుపు చారల అందం ఎంతో, కుళ్లిన మాంసం కంపు అంత. ఆ కంపు ఈగల కోసం. పుప్పొడి చేరవేసేది అవే. మోసపోయిన ఈగలు ఒక్కోసారి పువ్వు మీదే గుడ్లు పెట్టేస్తాయి. వాటి పిల్లలకు అక్కడ తిండి ఉండదు.

ఈగ పని ఫలిస్తే జంటకొమ్ముల్లా కాయలు లేస్తాయి. పండి పగిలాయంటే లోపలి విత్తనాలు జిల్లేడు దూదిలా గాలికి ఎగిరిపోతాయి, అందుకే ముందే కాయ చుట్టూ దారం కట్టాలి. తాజా విత్తనం కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది, దాచిపెట్టకుండా అదే మట్టి మీద చల్లి, పైన పలచగా ఇసుక జల్లండి. మొలకలకు తల్లి కంటే కాస్త ఎక్కువ తడి కావాలి, కాబట్టి వాటికి వేరే పాత్ర.