పోటీ పరీక్షల ప్రత్యేకం: వేంగి - ఊరి పేరే దేశం పేరు

పూర్వం 'దేశం', 'నాడు', 'మండలం' అంటే ఒక పాలనలో ఉన్న ప్రాంతం. రాజధాని పేరుతో ఆ ప్రాంతాన్ని పిలవడమూ ఉండేది. గోదావరి, కృష్ణా నదుల నడిమి నేల వేంగి దేశమైంది అలాగే.

ముఖ్యాంశాలు

• వేంగి నగరమే నేటి పెదవేగి. ఇది ఏలూరు సమీపంలో ఉంది. 2022 వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది.
• సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనం వేంగి పాలకుడిగా హస్తివర్మను పేర్కొంది. ఇతడు శాలంకాయన వంశీయుడు.
• తూర్పు చాళుక్య రాజ్య స్థాపకుడు కుబ్జ విష్ణువర్ధనుడు (క్రీ.శ. 624). ఈ వంశానికి 'వేంగీ చాళుక్యులు' అనే పేరూ ఉంది.
• 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆంధ్ర దేశ రాజధానిని 'పింగ్-కి-లో' అన్నాడు. చరిత్రకారులు దీన్ని వేంగిగా గుర్తించారు.
• తరువాత రాజధాని రాజమహేంద్రవరానికి మారినా, రాజ్యానికి వేంగి పేరే నిలిచింది. రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరం నుంచే పాలించాడు; నన్నయ అతని ఆస్థాన కవి.

తేడా గమనించండి

'ఆంధ్ర' మొదట జాతి పేరు. ఐతరేయ బ్రాహ్మణంలో కనిపిస్తుంది. 'వేంగి' ఊరి పేరు. రెండూ దేశ నామాలయ్యాయి.

మాదిరి ప్రశ్న

అలహాబాదు శాసనంలోని వేంగి రాజు ఎవరు?
ఎ) విజయదేవవర్మ బి) హస్తివర్మ సి) మాధవవర్మ డి) జయసింహుడు
జవాబు: బి

గుర్తుంచుకోండి: 'వేగినాటి' అనే బ్రాహ్మణ శాఖ పేరులో ఆ పాత దేశ నామం నేటికీ వినిపిస్తుంది.