మేకప్ బ్రష్షులను శుభ్రపరచుకొనే పద్ధతి

పెండ్లిళ్ల కాలం వచ్చిందంటే మా ఓ.పి.లో కండ్లు ఎర్రబడినవారు, రెప్పపై కురుపు లేచినవారు, బుగ్గలపై చీము పొక్కులు వచ్చినవారు ఎక్కువగా కనబడతారు. ఒకసారి ఒకే ఇంటి నుండి ముగ్గురు వచ్చారు. పెండ్లికూతురు, ఆమె చెల్లెలు, మేనత్త. ముగ్గురికీ కండ్లకలకే. పెండ్లికి ముందురోజే చెల్లెలి కన్ను ఎర్రబడిందట. చెబితే అలంకరణ చేయరేమోనని ఆ పిల్ల దాచింది. ఒకే బ్రష్షు ముగ్గురి రెప్పలపై తిరిగింది. ఒకే తువ్వాలు కూడా వాడారు కాబట్టి తప్పంతా బ్రష్షుదేనని మేము అనము. కాని పెండ్లికూతురు వారం తిరగకుండానే అత్తవారింట నల్ల కండ్లద్దాలతో కూర్చోవలసి వచ్చింది.

తరువాత అలంకరణ చేసిన అమ్మాయి కూడా మా వద్దకు వచ్చింది. పెండ్లివారు డబ్బు ఇవ్వలేదు, ఊళ్లో పేరు పోయింది. "సిస్టరుగారూ, ఒక్కొక్కరికీ స్పిరిటు చల్లే వాడానండీ" అని ఏడ్చింది. ఆమె అబద్ధమాడలేదు. కాని మురికి మీద స్పిరిటు చల్లితే లాభం లేదు. డ్రెస్సింగు సామాను విషయంలో మా విద్యార్థినులకు మొదట నేర్పే పాఠం ఇదే: ముందు కడగాలి, తరువాతే క్రిమిసంహారకం. బ్రష్షులో చర్మపు జిడ్డు, చనిపోయిన కణాలు, పౌడరు పేరుకొని ఉంటాయి. వాటి చాటున ఉన్న క్రిములను స్పిరిటు చేరలేదు. పైగా కండ్లకలక కలిగించే ఎడినో వైరస్ మామూలు స్పిరిటుకు అంత తేలికగా చావదు, పొడి వస్తువులపై వారాల తరబడి ఉండగలదు. అందుచేత ఎర్రని కంటికి అలంకరణ అసలే వద్దు. పొరపాటున తగిలిన బ్రష్షును పారవేయడమే మేలు.

ఇక కడిగే పద్ధతి. గోరువెచ్చని నీటిలో చంటిపిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేయండి. వెంట్రుకలు క్రిందికి ఉండేలా పట్టుకొని అరచేతిలో మెల్లగా త్రిప్పండి. తెల్లని నీరు వచ్చేవరకు కడగండి. వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు పట్టీలోకి నీరు పోరాదు, లోపలి జిగురు వదులుతుంది. మా హాస్టలు పిల్లలు ఒకసారి అతి శ్రద్ధతో బ్రష్షులను మరిగించారు. పుల్లలు మిగిలాయి, వెంట్రుకలు గిన్నెలో తేలాయి!

కడిగాక శుభ్రమైన గుడ్డతో ఒత్తి, బల్ల అంచు మీద తల బయటికి ఉండేలా పడుకోబెట్టి రాత్రంతా ఫ్యాను క్రింద ఆరనివ్వండి. గ్లాసులో నిలబెడితే నీరు క్రిందికి దిగుతుంది. తడి బ్రష్షును సంచిలో మూస్తే బూజు పడుతుంది. సొంత బ్రష్షుకు వారం పది రోజులకొకసారి కడిగితే చాలు. నలుగురికి వాడేదైతే మనిషి మనిషికీ కడిగి, ఆరిన తరువాత 70 శాతం స్పిరిటు పట్టించి, అది పూర్తిగా ఆరాకనే కంటి దగ్గరకు తేవాలి. స్పిరిటు సీసా దీపానికి దూరంగా ఉండాలి.

స్పాంజిల సంగతి మరీ అన్యాయం. 2019లో ఇంగ్లాండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయం వారు వాడిన సౌందర్య సాధనాలను పరీక్షిస్తే, పదింట తొమ్మిదింటిలో క్రిములున్నాయి. స్పాంజిలను చాలామంది ఒక్కసారి కూడా కడగలేదట. మస్కారా పుల్లను కడిగి మళ్లీ సీసాలో ముంచరాదు. సీసాను మూడు నెలలకు పారవేయాలి.

ఒక్క రాత్రిలో ఇన్ని బ్రష్షులు ఎలా ఆరతాయని ఆ అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఖరీదైన ఒక సెట్టు బదులు చవకవి మూడు కొనమన్నాము. కాటుకకు మనిషికొక దూదిపుల్ల, లిప్‌స్టిక్‌ను శుభ్రమైన చెంచాతో గీకి పళ్లెంలో వేసుకోవడం చెప్పాము. ఇప్పుడామె పెట్టె తెరిచే ముందే అందరి కండ్లూ చూస్తున్నదట.

కన్ను ఎర్రబడితే దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి రండి. వాడిన బ్రష్షులను కూడా వెంట తెచ్చి చూపించండి.