పంచాయతీ కార్యదర్శి ఉద్యోగానికి డిగ్రీ చాలునా?

డిగ్రీ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఏటా ఒకటే. "సార్, మా పిల్లలు ఏ పరీక్షకు చదివితే బాగుంటుంది?" మేము చెప్పే నాలుగైదు పేర్లలో పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం తప్పక ఉంటుంది. "దానికి ఏ డిగ్రీ అయినా చాలుగదా" అని తేలిగ్గా అనేస్తారు. నిబంధన ప్రకారం చాలు. ఆ పని చేయడానికి చాలునా అన్నదే ఇక్కడ మనం మాట్లాడుకోవలసిన సంగతి.

ముందు పునాది చూద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది అప్పుడే. గ్రామసభ అంటే ఆ ఊరి పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. గ్రామ పంచాయతీ అంటే వారు ఎన్నుకున్న సర్పంచి, వార్డు సభ్యులు. రెండూ ఒకటేనని జవాబు పత్రంలో రాసే పిల్లలను మేము ఏటా దిద్దుతాము. పెద్దల్లో దిద్దేవారు లేరు గనుక అలాగే ఉండిపోతుంది. ఈ రెండు సమావేశాలకూ అజెండా సిద్ధం చేసి, నోటీసు అందరికీ చేరేలా చూసి, జరిగినదాన్ని పుస్తకంలోకి ఎక్కించే బాధ్యత కార్యదర్శిది. సభలో కూర్చుంటారు, నిబంధన ఏమిటో చెబుతారు, ఓటు మాత్రం ఉండదు.

ఒకప్పుడు ఊరి లెక్కలు, కాగితాలు కరణం ఇంట్లో ఉండేవి. తెలంగాణలో పట్వారీ. తండ్రి తర్వాత కొడుకు. చదువు ఎంత అని అడిగినవారు లేరు. 1984లో ఆ వంశపారంపర్య పద్ధతి రద్దయింది. కరణం పని ప్రధానంగా రెవెన్యూ పనే అయినా, ఊరి పుస్తకం ఎవరి చేతిలో ఉంటే మాట వారిది అన్న సంగతి ఆ రోజులు చూసినవారికి తెలుసు. ఇప్పుడు ఆ పుస్తకం పరీక్ష రాసి గెలిచినవారి చేతికి వస్తోంది. తెలంగాణలో 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు మరికొన్ని వేలమంది చేరారు. వారిలో ఆడపిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉండటం మాకు సంతోషం కలిగించిన విషయం.

అయితే ఆ పరీక్ష ఏమి చూసింది? జనరల్ నాలెడ్జి, లెక్కలు, రీజనింగు, రాజ్యాంగం, పంచాయతీరాజ్ చట్టం. అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలే. ఆ పద్ధతిని తప్పుబట్టము. లక్షలమంది రాసే పరీక్షకు వేరే దారి కష్టం. కాని ఓ.ఎం.ఆర్. షీటు మీద ఎంత బాగా చుక్కలు నింపినా, పదిమంది ఒకేసారి మాట్లాడే సభలో ఏది రాయాలో, ఏది వదలాలో దానివల్ల రాదు.

మా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకరు ఈ ఉద్యోగంలో చేరారు. మొదటి సమావేశం అయిన వారానికి మమ్మల్ని చూడవచ్చి చెప్పిన మాటలు ఇవి. "సార్, చర్చ మొదలవకముందే ఇద్దరు సభ్యులు ఖాళీ పేజీ అడుగున సంతకాలు పెట్టేసి, పైన నువ్వు రాసుకోమ్మా, మాకు పనుంది అన్నారు. వద్దంటే కోపం వస్తుందేమో, సరేనంటే రేపు ఏమవుతుందో." ఆమె ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, తరువాతి పేజీలో మొదలుపెట్టింది. చర్చ అయ్యాక ఆ ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి, రాసింది చదివి వినిపించి సంతకాలు తీసుకుంది. ఈ తెలివి ఏ గైడులో ఉందో మాకు తెలియదు.

అదే ఊళ్ళో అంతకు రెండేళ్ళ ముందు ఒక వీధివాళ్ళు కుళాయి పైపు కోసం సభలో అడిగారు. అందరూ సరేనన్నారు. తీర్మానం అడగబోతే పుస్తకంలో ఉన్నది ఇంతే: "తాగునీటి సమస్యపై చర్చించి తగు చర్యలు తీసుకొనుటకు తీర్మానించడమైనది." ఏ వీధి? ఎంత పొడవు? ఏ నిధి నుండి? ఆ వాక్యంతో పై ఆఫీసులో ఏ ఫైలూ కదలదు. ఆ వీధి ఆడవాళ్ళు బిందెలతో మరో రెండు వేసవులు నడిచారు.

మా వేసవి తరగతుల్లో డిగ్రీ పిల్లలకు ఈ వాక్యాన్నే పాఠంగా పెట్టాము. దాన్ని తిరగరాయమన్నాము. పని జరగవలసిన చోటు, పొడవు, అంచనా ఖర్చు, నిధి పేరు, ప్రతిపాదించినవారు, బలపరచినవారు, కాదన్నవారుంటే వారి పేరు, చెప్పిన కారణం, పని ఎవరు ఎప్పటిలోగా చేయాలి, ఇవన్నీ రావాలన్నాము. సగం మంది మొదటిసారి కాదన్నవారి పేరు వదిలేశారు. "గొడవ ఎందుకు సార్" అన్నారు. ఏకగ్రీవం కానిదాన్ని ఏకగ్రీవంగా అని రాస్తే అది అబద్ధమే గదా! ఆ ఒక్క మాట మీదే గంటసేపు వాదన నడిచింది, మాకు ఆ ఏడాది బాగా నచ్చిన క్లాసు అదే.

ఇంగ్లండులో ఈ పనిని ఒక ప్రత్యేక వృత్తిగా చూస్తారు. అక్కడి కౌన్సిళ్ళలో సమావేశాలు నడిపించే సిబ్బందిని డెమోక్రటిక్ సర్వీసెస్ ఆఫీసర్లు అంటారు. వారికి సొంత సంఘం ఉంది, ఆ సంఘం ఉద్యోగంలో ఉన్నవారికి సర్టిఫికెట్, డిప్లొమా చదువులు నడుపుతుంది. అక్కడ 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం కింద సమావేశానికి అయిదు పూర్తి రోజుల ముందు ప్రజలకు తెలియజేయాలి. పూర్తి రోజులంటే నోటీసు పెట్టిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. సెలవులు కూడా రావు. గురువారం సమావేశమైతే అంతకుముందు వారం బుధవారానికే నోటీసు పడాలి. వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. ఒక్కరోజు తప్పితే తీసుకున్న నిర్ణయాన్నే ప్రశ్నించవచ్చు.

మన దగ్గర శిక్షణ లేదనడం అన్యాయం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. సామర్లకోట, బాపట్ల, శ్రీకాళహస్తి, హసన్‌పర్తిలలో శిక్షణ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ ఉద్యోగులు ప్రొబేషన్ పూర్తికి శాఖాపరమైన పరీక్ష పాసు కావలసి వచ్చింది. అయినా మాకు తెలిసిన కార్యదర్శులు చెప్పేది ఒకటే. పన్నుల వసూలు, పారిశుధ్యం, ఈ-గ్రామస్వరాజ్‌లో లెక్కల నమోదు, వీటికే రోజు సరిపోతుంది, మినిట్సు రాత్రి ఇంటికి వెళ్ళి గుర్తుచేసుకొని రాస్తాము అని. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. మొదటిసారి గెలిచి వచ్చిన ఒక సర్పంచి గారికి చట్టం ఏమంటుందో చెప్పవలసింది ఈ కార్యదర్శే. అలా చెప్పకపోతే ఆమె భర్తో, పక్కింటి పెద్దమనిషో చెబుతారు.

అందుకే ఈ పరీక్షకు చదివే పిల్లల తల్లిదండ్రులకు మా సలహా ఒకటుంది. కోచింగుకు పంపండి, కాదనము. దానితోపాటు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభలు పెట్టే ఆనవాయితీ ఉంది. మీ ఊళ్ళో సభ ఏ రోజో కనుక్కొని, ఒక నోటుపుస్తకం ఇచ్చి పిల్లలను అక్కడ కూర్చోబెట్టండి. విన్నది విన్నట్టు రాయమనండి. మర్నాడు తీర్మానాల పుస్తకం చూపమని పంచాయతీ ఆఫీసులో మర్యాదగా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చదవమనండి. మా ఆ విద్యార్థిని తన ఊరి పిల్లలను ఇప్పుడు అలాగే ఆఫీసుకు రమ్మంటోంది. పోయినసారి ముగ్గురు వచ్చారట.