వెంట్రుక మురికే, మైల కాదు



పౌర్ణమి వందనకి తెల్లబట్టలు కట్టుకుంటాం. గుమ్మం దాటే లోపల చూస్తే ఒంటినిండా కుక్క వెంట్రుకలు. అప్పుడు మన నోట్లోంచి "ఛీ, మైల!" అనే మాట వస్తే, ఆ మాట ఎవరిదో ఆలోచించండి.

మురికి వేరు, మైల వేరు. మురికి ఉతికితే పోతుంది. మైల మనుషులు కల్పించింది. మహద్‌లోని చవుదార్ చెరువులో అప్పట్లో పశువులు నీళ్లు తాగొచ్చు, మనవాళ్లు ముట్టుకోకూడదు అనేవారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్లు తాగితే, చెరువు మైలపడిందని పేడ, గోమూత్రం పోసి 'శుద్ధి' చేశారు. ఏ మాటతో మనల్ని దూరం పెట్టారో, అదే మాటతో మూగజీవిని తన్నడం ధమ్మం కాదు.

పబ్బజ్జ తీసుకునేవాళ్లకి మొదట నేర్పే ధ్యానం: కేశ, లోమ, నఖ, దంత, తచ. అంటే తల వెంట్రుకలు, ఒంటి రోమాలు, గోళ్లు, పళ్లు, చర్మం. మనకీ అవే, కుక్కకీ అవే. రాలిపోవడం అనిచ్చ.

అలాగని శుభ్రత మానొద్దు. కుక్కని రోజూ ఇంటిబయట దువ్వండి. బట్టల్ని తడిచేత్తో ఒకేవైపు తుడిస్తే వెంట్రుకలు ఉండకడతాయి. ఉతికే ముందు దులపండి. తుమ్ములు, ఆయాసం తెచ్చేది ఎక్కువగా వెంట్రుక కాదు, దానికంటిన చర్మపు పొట్టు, ఎంగిలి. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే కుక్కని పడకగదిలోకి రానివ్వకండి, డాక్టరుకి చూపించండి. ఏటేటా కుక్కకి రేబిస్ టీకా వేయించండి.

ఈ పౌర్ణమికి ఇదే సాధన: బట్టలు దులుపుకోండి, కుక్కకి గిన్నెలో నీళ్లు పోయండి, తర్వాత వందనకి రండి.