ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటరా? ముందు డిస్కు సర్దండి

పిల్లల హోంవర్కు, ఆయన ఆఫీసు ఫైళ్లు, అత్తయ్యగారి భక్తి పాటలు... ఇన్ని చేతులు పడితే ఏ కంప్యూటరైనా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. మొరాయించినా ఫోటోలు పోకుండా, రిపేరు షాపుకి డబ్బులు పొయ్యకుండా ఉండాలంటే ఇలా చేయండి. విండోస్ 10, 11 రెండింట్లోనూ నేను చేసి చూసినవే ఇవి.

1. ముందుగా ఫోటోలు, ముఖ్యమైన కాగితాలు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ తగిలించే ఉంచండి, పని మధ్యలో ఆగిపోతే ఉన్నవీ పోవచ్చు.

2. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ డైరీలో రాసిపెట్టుకోండి. అడిగినప్పుడు అది లేకపోతే మన డిస్కు మనకే తెరుచుకోదు.

3. డిస్కుని సి, డి అని రెండు ముక్కలు చేయడానికి సాఫ్ట్‌వేర్ ఏమీ కొనక్కర్లేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లండి. సి డ్రైవ్‌ని ష్రింక్ వాల్యూమ్‌తో తగ్గించి, మిగిలిన ఖాళీలో న్యూ సింపుల్ వాల్యూమ్‌తో డి చేసుకోండి.

4. ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది. 200 జీబీ కావాలంటే 204800 అని కొట్టాలి.

5. సి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. విండోస్ 11కి కనీసం 64 జీబీ చాలంటారు గానీ, అప్‌డేట్లు వచ్చేసరికి ఎటూ సరిపోదు; 512 జీబీ డిస్కయితే నేను సి కి 200 వదిలేస్తాను. తర్వాత పెంచుదామంటే దానికి కుడిపక్కన ఆనుకుని ఖాళీ ఉండాలి, అక్కడ డి ఉంటే దాన్ని తీసేస్తే తప్ప కుదరదు.

6. ఈఎఫ్ఐ, రికవరీ అని చిన్న చిన్న ముక్కలు కనిపిస్తాయి. ఆ కాస్త జాగా కోసం వాటిని ముట్టుకోకండి, ఈఎఫ్ఐ పోతే విండోస్ అసలు లేవదు.

7. డి ని ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఫార్మాట్ చేయండి. అప్పుడే ఎవరి ఫోల్డర్ వాళ్లే తెరిచేలా పెట్టుకోవచ్చు.

8. ఒక్కొక్కరి అకౌంట్‌లోకి వెళ్లి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ నొక్కి, డి లో వాళ్ల పేరున్న ఫోల్డర్‌కి మార్చండి. రేపు సి ఫార్మాట్ చేయాల్సి వచ్చినా ఆ ఫైళ్లు డి లో భద్రంగా ఉంటాయి.

9. పిల్లలకి స్టాండర్డ్ అకౌంట్లే ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది.

10. సిస్టమ్ ప్రొటెక్షన్ సి కి ఆన్ చేసి 5 నుంచి 10 శాతం జాగా ఇవ్వండి, కొత్త ప్రోగ్రామ్ వేసే ముందు రీస్టోర్ పాయింట్ పెట్టండి. పోయిన ఫోటోలని అది తిరిగి తేదు, సెట్టింగులూ ప్రోగ్రాములూ మాత్రమే వెనక్కి తెస్తుంది.

11. డి కూడా అదే డిస్కులో ముక్క కదా, డిస్కు చెడితే రెండూ పోతాయి. అందుకే నెలకోసారి బయటి డిస్కులోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టేయండి.

12. నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబులో డీప్ ఫ్రీజ్ లాంటిది వేసి ఉంటే, రీస్టార్ట్ కాగానే సి లో దాచుకున్నవన్నీ మాయం. పిల్లలని పెన్ డ్రైవ్‌లో సేవ్ చేసుకోమనండి.

13. ఖాళీ 16 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి తీసుకుని రికవరీ డ్రైవ్ చేసి, పేరు రాసి పక్కన పెట్టండి. విండోస్ లేవని రోజున షాపుకి మోయకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.