విశాఖ ప్రయాణం

కడియం నర్సరీలో పని చేసే నలుగురు ఆడవాళ్లు పిల్లలతో విశాఖపట్నం వెళ్లాలనుకున్నారు.

"సోమవారం ఎల్దాం" అంది అత్త.

"వద్దత్తా, సోమవారం కురుసుర మూసేస్తారంట" అంది కోడలు.

కురుసుర ఒక జలాంతర్గామి. అంటే నీళ్లలో మునిగి నడిచే యుద్ధనౌక. 1969 నుంచి 2001 దాకా మన నావికాదళంలో పని చేసింది. 2002లో దాన్ని రామకృష్ణా బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టారు. లోపలికెళ్లి చూడవచ్చు.

ప్రయాణం మంగళవారానికి మారింది. కడియంలో స్టేషనుంది గాని, ఎక్స్‌ప్రెస్ బళ్లు చాలావరకు ఆగవు. రాజమండ్రిలో ఎక్కాలి. అక్కడికి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు.

పిల్లలు ముగ్గురు. వయసులు 4, 7, 13. ఐదేళ్లు నిండకపోతే టికెట్టు లేదు. జనరల్ పెట్టెలో ఐదు నిండి, పన్నెండు నిండని వారికి సగం టికెట్టు.

"పెద్దోడికి పదకొండని చెబుదాం" అంది ఒకామె. మీసం వస్తున్నవాడికి పదకొండా! అందరూ నవ్వారు. ఐదు ఫుల్లు, ఒక హాఫ్ అని కోడలు లెక్క రాసింది.

"గోదారి పక్కన పుట్టినోళ్లం. సముద్రంలో తానం చేద్దాం" అంది అత్త.

సముద్రం గోదావరి కాదు. అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఆ బీచ్‌లో కొట్టుకుపోయారు. ఒడ్డున హెచ్చరిక బోర్డు కనబడితే ఆగి చదవాలి. లోతుకు దిగకూడదు. పిల్లల చెయ్యి వదలకూడదు.

జనంలో పిల్లలు తప్పిపోతే? కోడలు మూడు చీటీలు రాసింది. పేరు, ఊరు, ఫోను నెంబరు. ఒక్కొక్కరి జేబులో ఒకటి పెట్టి పిన్నీసు గుచ్చింది.