నడుము కొలతతో మొదలుపెట్టండి: పొట్ట బరువు, షుగర్, బీపీపై లబ్ధిదారులకు సమాచారం

ఈ సమాచారం ఎవరికి?

30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ. లావుగా ఉన్నా, సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినా ఇది మీకే. ఈ వయసు వారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితం. జబ్బు తేలితే గోలీలు కూడా ఉచితంగానే ఇస్తారు.

15 నుంచి 49 ఏళ్ల వారిని చూస్తే, తెలంగాణలో ప్రతి పది మందిలో సుమారు ముగ్గురు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఇది సిగ్గుపడే విషయం కాదు. దాచుకునేదీ కాదు. కొలుచుకుని సరిచేసుకునే విషయం.

మొదట టేపు తీసుకోండి

దర్జీ వాడే టేపు చాలు. నిటారుగా నిలబడండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాగొద్దు. ఊపిరి మామూలుగా వదిలాక కొలత చూడండి.

• మగవారికి 90 సెం.మీ. (సుమారు 35 అంగుళాలు) దాటకూడదు.
• ఆడవారికి 80 సెం.మీ. (సుమారు 31 అంగుళాలు) దాటకూడదు.

దాటితే జబ్బు ఉన్నట్టు కాదు, పరీక్ష చేయించుకోవాలని అర్థం. పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అక్కడి నుంచే షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు, ఫ్యాటీ లివర్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదట్లో నొప్పి ఉండదు, నీరసం కూడా ఉండకపోవచ్చు. అందుకే "నాకేం కాలేదు, బాగానే ఉన్నా" అనుకుని ఆగిపోకండి.

ఎక్కడికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

మీ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుతారు. వయసు, నడుము కొలత, పొగాకు, మద్యం, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ తర్వాత ఊళ్లో అయితే పల్లె దవాఖానా, పట్నంలో అయితే బస్తీ దవాఖానాకు వెళ్లండి. ఆధార్, ఫోన్ నంబర్, పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న గోలీల పట్టీలు తీసుకెళ్లండి. అభా నంబర్ ఉంటే అదీ చెప్పండి.

అనుమానం ఉంటే పీహెచ్‌సీకి పంపుతారు. అక్కడ డాక్టరు మళ్లీ చూసి నిర్ధారిస్తారు.

• పరగడుపు షుగర్: 100 లోపు మామూలు. 100–125 అంటే షుగర్ వచ్చే దారిలో ఉన్నారు. 126, ఆపైన అంటే షుగర్ జబ్బు. రెండోసారి చూసి ఖాయం చేస్తారు.
• బీపీ: వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆపైన ఉంటే బీపీ జబ్బు.

అన్నీ మామూలుగా వచ్చినా ఏడాదికోసారి మళ్లీ చూపించుకోండి.

పళ్లెంలో ఏం మార్చాలి?

ఖరీదైన పొడులు, ప్యాకెట్లు కొనాల్సిన పని లేదు. ఒక లెక్క చూద్దాం. ఆహార భద్రత కార్డుపై ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తోంది. అంటే రోజుకు 200 గ్రాములు. వండితే సుమారు అర కిలో అన్నం. దీంతోనే దాదాపు 700 కేలరీల శక్తి వస్తుంది. ఒళ్లు వంచే పని అంతగా లేని స్త్రీకి రోజుకు కావలసింది సుమారు 1,660 కేలరీలు. అందులో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రేషన్ బియ్యమే ఆ హద్దు దాకా వచ్చేసింది. దానిపై పొద్దున ఉప్మా, సాయంత్రం మిర్చి బజ్జీ తింటే హద్దు దాటినట్టే.

అన్నం మానెయ్యమని కాదు. పళ్లెంలో దాని చోటు తగ్గించమని.

• పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు: తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర, సోరకాయ, బీరకాయ. ఆలుగడ్డను ఈ లెక్కలో వేయకండి.
• పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేదా శనగలు, బొబ్బెర్లు. నీళ్ల పప్పు కాదు, గట్టి పప్పు.
• మిగిలిన పావు వంతులో అన్నం, లేదంటే జొన్న రొట్టె. జొన్న మంచిదే, కానీ అదీ ధాన్యమే. అన్నమూ రొట్టే రెండూ నిండుగా తింటే లాభం లేదు.
• ముందు కూర, పప్పు తినండి. అన్నం ఆఖర్న తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.
• సాయంత్రం ఆకలికి బిస్కెట్ల బదులు గుడాలు తినండి.
• నూనె మనిషికి రోజుకు నాలుగు చిన్న చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు రెండున్నర లీటర్లు. ఈ నెల ఎంత కొన్నారో చూసుకోండి.
• ఉప్పు అన్నిటిలో కలిపి రోజుకు ఒక చిన్న చెంచా. పచ్చడి, అప్పడంలోని ఉప్పూ ఇందులోదే.
• చాయ్: రోజుకు నాలుగు సార్లు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే నెలకు కిలోకు పైగా చక్కెర ఒక్కరి ఒంట్లోకే వెళ్తోంది. బెల్లం వేసినా షుగర్ పెరుగుతుంది.

వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడవండి. పొలం పని, కూలి పని ఉన్న రోజు అదే లెక్క. పని లేని కాలంలో నడక మానొద్దు.

ఎంత తగ్గితే చాలు?

80 కిలోల మనిషి 50 కిలోలు కావాల్సిన పని లేదు. 4 నుంచి 8 కిలోలు తగ్గినా షుగర్, బీపీ, కాలేయంలో కొవ్వు మెరుగుపడతాయి. వారానికి అర కిలో చాలు. పూటలు మాని పస్తులుండొద్దు. గర్భిణులు, పిల్లలు డాక్టర్ చెప్పకుండా బరువు తగ్గే ప్రయత్నం చేయొద్దు. ఏ ప్రయత్నం లేకుండానే బరువు తగ్గిపోతుంటే వెంటనే చూపించుకోండి.

గోలీల విషయంలో ఎక్కువమంది చేసే తప్పు

45 ఏళ్ల అక్క ఒకామె ఉందనుకుందాం. షుగర్ 210 వచ్చింది. మూడు నెలలు గోలీలు వేసుకుంది, పరగడుపున 105కి దిగింది. "తగ్గింది కదా" అని ఆపేసింది. కూలికి పోతే దవాఖానాకు వెళ్లే తీరిక లేదు, ఒంట్లో బాధా లేదు. రెండేళ్లకు కాలికి పుండు పడింది, మానలేదు. అప్పుడు చూస్తే షుగర్ మళ్లీ పెరిగిపోయి ఉంది. ఈ రెండేళ్లు లోపల నరాలు, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటూనే ఉన్నాయి.

గోలీలతో నార్మల్ వచ్చిందంటే గోలీలు పనిచేస్తున్నాయని అర్థం. జబ్బు పోయిందని కాదు. బరువు బాగా తగ్గినవారికి మందు తగ్గించవచ్చు, కొందరికి ఆపవచ్చు కూడా. ఆ మాట డాక్టర్ చెప్పాలి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: షుగర్ గోలీలు వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. మానెయ్యనా?
జవాబు: మెట్‌ఫార్మిన్‌తో మొదట్లో కొందరికి అలా అవుతుంది. అన్నం తిన్నాక వేసుకోండి. తగ్గకపోతే డాక్టర్ మోతాదు మారుస్తారు. మీరుగా ఆపకండి.

ప్రశ్న: ఉపవాసం, రోజా ఉండవచ్చా?
జవాబు: ముందే డాక్టర్‌ను అడగండి. కొన్ని గోలీలు వేసుకుని తినకుంటే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. స్పృహ లేని మనిషికి నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: బరువు తగ్గించే సూది వచ్చిందట కదా?
జవాబు: వారానికోసారి వేసే సూదులు ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. తిండి, నడక ఎలాగూ మార్చుకోవాల్సిందే.

ప్రశ్న: షుగర్ ఉంది. ఇంకేం చూపించుకోవాలి?
జవాబు: ఏడాదికోసారి కళ్లు, మూత్రం, పాదాలు. ఇంట్లో రోజూ రాత్రి అరికాళ్లు మీరే చూసుకోండి. చెప్పుల్లేకుండా నడవకండి.

ఆగకూడని సమయం: ఛాతీలో నొప్పి, మూతి వంకర, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం. వెంటనే 108.

ఈ వారం చేయాల్సినవి మూడు

1. ఇంట్లో 30 దాటిన అందరి నడుము కొలవండి. కాగితం మీద రాసి పెట్టండి.
2. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగి పరీక్ష రోజు తెలుసుకోండి.
3. గోలీలు ఇంకా వారానికి సరిపడా ఉండగానే దవాఖానాకు వెళ్లి తెచ్చుకోండి. అయిపోయాక వెళ్దాం అనుకుంటే మధ్యలో రోజులు తప్పుతాయి.

మూడు నెలలకు మళ్లీ అదే టేపుతో కొలవండి. రెండు సెంటీమీటర్లు తగ్గినా మీరు మంచి దారిలో ఉన్నట్టే.